రెండెకరాల మీద రెండు జవాబులు

నేను చోడవరం తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరింది అరవైల చివర్లో. నా బల్ల మీదికి వచ్చే కాగితాలన్నీ ఒకేలా ఉండేవి. పొలం పంపకాలు, గట్టు తగాదాలు, శిస్తు తగ్గించమనే అర్జీలు. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రం కలెక్టరాఫీసు నుంచి ఎర్ర చీటీ అంటించిన కవరు వచ్చేది. దాని మీద ‘అసెంబ్లీ ప్రశ్న’ అనో ‘పార్లమెంటు ప్రశ్న’ అనో రాసి ఉండేది. అది వచ్చిన పూట ఆఫీసులో ఇంకో పని జరిగేది కాదు.

సభలో ఒక సభ్యుడు లేచి అడుగుతాడని, మంత్రి లేచి జవాబు చెబుతాడని అందరికీ తెలుసు. ఆ జవాబు ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్ళు తక్కువ. ప్రశ్న మంత్రిగారి దగ్గర్నుంచి సెక్రటేరియట్‌కి, అక్కణ్ణుంచి కలెక్టరుకి, కలెక్టరు నుంచి తాసిల్దారుకి దిగి, చివరికి నాలాంటివాడి కలం దగ్గర ఆగేది. నేను రాసింది అవే మెట్లెక్కి పైకి వెళ్ళేది. ఒక్కోసారి నా మాటలే మంత్రి నోట వినబడేవి.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, ఆ యుద్ధంలో పోయిన జవాన్ల కుటుంబాలకు బంజరు భూమి ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. మా తాలూకాలో బుచ్చయ్యపేట వైపు ఒక ఊళ్ళో అలాంటి కుటుంబం ఒకటుంది. జవాను భార్య, ఆమె మామగారు, అంతే. ఆమెకు ముప్పై నిండలేదు. పిల్లలు లేరు. ఊరి పక్కన పారే గెడ్డ, అంటే వాగు, ఒడ్డున రెండెకరాలు కొలిచి ఇవ్వడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుతో పాటు నేనూ వెళ్ళాను. గొలుసు పట్టి కొలుస్తుంటే మామగారు గునపంతో ఒకచోట తవ్వి, మట్టి తీసి అరచేతిలో నలిపి చూశాడు.

“రాయి లేదు. పండుతాది,” అన్నాడు కోడలితో.

ఆమె నన్ను ఒకటే అడిగింది. “గెడ్డనీల్లు మడికి తిప్పుకుంటే ఎవులైనా ఏటైనా అంటారా బాబూ?”

“గెడ్డ సర్కారుది. నీ మడి తడుపుకో, ఎవరూ అనరు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. పట్టా కాగితం మీద ఆమె వేలిముద్ర నేనే వేయించాను.

రెండేళ్ళు అక్కడ వరి బాగా పండింది. ఆ రోజుల్లోనే పార్లమెంటు ప్రశ్న వచ్చింది. చనిపోయిన జవాన్ల కుటుంబాలకు భూములిచ్చారా, ఇచ్చినవి సాగుకు పనికొచ్చేవేనా అని ఎవరో సభ్యుడు రక్షణ మంత్రిని అడిగాడు. మా తాలూకా వరకు జవాబు నేను రాశాను. ఇచ్చాం, సాగుకు యోగ్యమైనది, నీటి వసతి ఉంది. కొన్ని వారాల తర్వాత పేపర్లో ఓ మూల చిన్న వార్త వచ్చింది. భూములు ఇచ్చామని, అవి సాగులో ఉన్నాయని రక్షణ మంత్రి సభకు చెప్పారట. ఆ పేపరు ఇంటికి తీసుకెళ్ళి నా భార్యకు చూపించాను.

“మీ పేరెయ్యలేదేటి?” అందామె.

అప్పటికి నేను రాసింది నిజమే గనక ఇద్దరం నవ్వుకున్నాం.

మరుసటి ఏడాది గెడ్డ ఎగువన అట్టల మిల్లు వచ్చింది. వరిగడ్డిని సున్నంలో ఉడకబెట్టి, నూరి, అట్టలు తీసే మిల్లు. చుట్టుపక్కల రైతులు గడ్డి అమ్ముకోవడానికి ఒక చోటు దొరికిందని సంతోషించారు. ఊళ్ళోని పెద్దరైతుల బళ్ళు పొద్దున్నే గడ్డిమోపులతో మిల్లుకి వరస కట్టేవి. గడ్డి ఉడికిన నీళ్ళు మాత్రం కాలవ తీసి గెడ్డలోకి వదిలేశారు.

జవాను భార్య ఆఫీసుకి మొదటిసారి వచ్చింది ఆ వేసవిలో. వరండాలో గోడకానుకుని కూర్చుంది. నేను భోజనానికి లేస్తే వెనకాలే వచ్చింది.

“నీల్లు నల్లగొచ్చేస్తన్నాయి బాబూ. కాలెడితే దురద. ఆకుమడి పోసేను, జానెడెదిగి ఆకు పండి సచ్చిపోయింది. గేదె ఆ నీల్లు తాగదు.”

తాసిల్దారుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని, ఫ్యాక్టరీల సంగతి మన శాఖ కాదన్నాడు. ఆరోగ్యశాఖకు వెళ్ళమన్నాడు. అక్కడివాళ్ళు పంచాయతీకి పొమ్మన్నారు. పంచాయతీలో గడ్డి బళ్ళు తోలేవాళ్ళే కూర్చుని ఉన్నారు. నాలుగు నెలల్లో ఆమె అన్ని వరండాలూ చూసి మళ్ళీ నా దగ్గరకే వచ్చింది.

“ఇంకెవుల్నడగాలో సెప్పు,” అంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఆ మాట అనకపోయినా బావుండేదేమో. “ఎమ్మెల్యేగారికి అర్జీ పెట్టమ్మా. ఆయన అసెంబ్లీలో అడిగితే మంత్రిగారు జవాబు చెప్పి తీరాలి. సభలో అడిగిన ప్రశ్నకి ఎవరూ తప్పించుకోలేరు.”

“మంతిరిగారు సెప్తారా?” అంది నమ్మలేనట్టు.

“చెప్పాలి. అది రూలు.”

అర్జీ మా ఇంట్లోనే రాశాను. జవాను భార్యననీ, సర్కారే ఈ భూమి ఇచ్చిందనీ, గెడ్డ నీళ్ళు ఎప్పటినుంచి పాడయ్యాయో అదీ, అన్నీ వరసగా. నా భార్య పక్కన నిలబడి చదివింది.

“మీ దస్తూరీ ఆఫీసులో అందరికీ తెలుసు. దొరికిపోతారు. ఇలా ఇయ్యండి,” అని తనే కూర్చుని మొత్తం తిరగరాసింది. దాని కింద జవాను భార్య వేలిముద్ర వేసింది. ముసలి మామగారు ఆ కాగితం పంచె కొంగులో మూటకట్టుకుని, మర్నాడు ఎమ్మెల్యేగారు మాడుగుల వెళ్తూ చోడవరంలో ఆగినప్పుడు ఆయన చేతికిచ్చాడు. సభలో అడుగుతానని ఆయన మాటిచ్చాడట.

ఎమ్మెల్యే మాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఎర్ర చీటీ కవరు వచ్చింది. ఫలానా గెడ్డ నీరు మిల్లు వల్ల కలుషితమవుతున్న మాట నిజమేనా, నిజమైతే ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి అని అందులో ఉంది. ‘కలుషితం’ అనే మాట మా ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు. హెడ్ గుమాస్తా రెండుసార్లు పైకి చదివి, కవరు నా బల్ల మీద పెట్టాడు. నేను రాయించిన ప్రశ్న తిరిగి నా చేతికే వచ్చింది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరూ నేనూ విచారణకు వెళ్ళాం. అది భాద్రపదం. వారం రోజులుగా వానలు. గెడ్డ నిండుగా, ఎర్రగా పారుతోంది. వానకి గడ్డి బళ్ళు రాక మిల్లు కూడా ఆ వారం రోజులూ ఆపేశారు. ఇన్‌స్పెక్టరు సీసాలో నీళ్ళు పట్టి వెలుతురుకెత్తి చూశాడు.

“నలుపేదమ్మా? బురదనీళ్ళేగా?”

ఆమె మళ్ళోకి దిగింది. చేత్తో లోతుగా తోడి మట్టి పైకి తీసింది. కింద మట్టి నల్లగా, జిగురుగా ఉంది. కుళ్ళిన గడ్డి కంపు కొట్టింది. ఆ మట్టి నా ముందు గట్టు మీద పెట్టి, “ఇది సూడు బాబూ,” అంది. మోకాళ్ళ దాకా ఆమె కాళ్ళు పొలుసులు లేచి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు గొడుగు విప్పుకుని రోడ్డు వైపు నడిచాడు. నేను వెనక ఆగాను. చూసింది చూసినట్టు రాస్తానని ఆమెతో అన్నాను.

రాశాను కూడా. రెండు పేజీలు. వానాకాలంలో తెలియదనీ, వేసవిలో మళ్ళీ పరీక్ష చేయించాలనీ, కింది మట్టి చెడిపోయిందనీ. తాసిల్దారుగారు చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“కూర్చో. దీన్ని మంత్రిగారు సభలో నిలబడి చదవాలి. నిజమే అన్నారనుకో, వెంటనే ఉపప్రశ్న పడుతుంది. మీరేం చేశారని. మనం ఏం చేశాం?”

“ఏమీ చెయ్యలేదండీ.”

“అదీ. ఇంకొకటి.” పాత ఫైలు తెప్పించి నా ముందుకు తోశారు. “ఇదే సర్వే నంబరు. సాగుకు యోగ్యం, నీటి వసతి ఉందని పార్లమెంటుకి రాసి పంపింది నువ్వే. రక్షణ మంత్రి ఢిల్లీలో చదివారు. ఇప్పుడు ఇక్కడి మంత్రి ఆ భూమే పాడైందని చెబితే, రెంటిలో ఏది అబద్ధమని అడుగుతారు. కలెక్టరుగారు నన్నడుగుతారు. నేను నిన్నడగాలి.”

“అప్పుడది నిజమండీ. ఇప్పుడిది నిజం.”

“సభలో అప్పుడూ ఇప్పుడూ ఉండవయ్యా. అవునూ లేదూ ఉంటాయి,” అన్నారాయన. కోపంగా అనలేదు. అద్దాలు మళ్ళీ పెట్టుకుని, “నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కదూ?” అన్నారు.

అది బెదిరింపని ఈ రోజుకీ అనుకోను. ఆయన నిజంగానే నా గురించి ఆలోచించి అన్నారు. నా భార్యకు అప్పుడు ఏడో నెల. నేను నా బల్ల దగ్గరకు వచ్చి, ఆ రెండు పేజీలు మడిచి జేబులో పెట్టుకుని, కొత్త కాగితం తీసుకున్నాను. మొదటి భాగానికి జవాబు ‘లేదండీ.’ రెండో భాగానికి ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.’ రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ శీతాకాలపు సమావేశాల్లో మంత్రి అదే చదివారు. ఎమ్మెల్యేగారు అచ్చయిన జవాబు కాపీ ఒకటి ఆమెకు పోస్టులో పంపాడు. మామా కోడలూ దాన్ని పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. ఏం రాసి ఉందో చదవమని నా చేతికిచ్చారు. చదివాను.

“ఉత్పన్నం కాదంటే ఏటి?” అంది ఆమె.

“మొదటిదానికి లేదన్నారు కాబట్టి రెండోది అడగక్కర్లేదని.”

ముసలాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “మంతిరిగారొచ్చి సూసేరేటి?” అన్నాడు.

“లేదు తాతా. ఆయనకి కింద నుంచి రిపోర్టు వెళ్తుంది.”

“మరి కిందనున్నోలు సూసేరు గదా,” అంది ఆమె. “నువ్వూ సూసేవు గదా బాబూ. మట్టి తీసి సూపించేను.”

కాగితం మడతలు సరిచేస్తూ, పైవాళ్ళు మార్చి ఉంటారని చెప్పాను. ఇద్దరూ నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సయించలేదు. నా భార్య కారణం అడిగితే చెప్పాను. తను నా ముందు నుంచి కంచం తీసేసింది. అర్జీ తిరగరాసింది తనే కదా.

ముసలాయన ఆ మాఘంలో పోయాడు. ఉగాదికి నా ఉద్యోగం ఖాయమైంది. ఆమె మరొక్క కారు ఆ మళ్ళో రాగులన్నా పండుతాయేమోనని చోడి జల్లి చూసిందట, మొలవలేదు. తర్వాత పట్టా వెనక్కిచ్చేస్తానని ఆఫీసుకి వచ్చింది. అలా వెనక్కి తీసుకునే పద్ధతి లేదని హెడ్ గుమాస్తా చెప్పాడు. విశాఖపట్నంలో ఒక హాస్టలు వంటింట్లో పని దొరికిందని, ఆ రోజే వెళ్తున్నానని ఆమె నాతో అంది. చేతిలో గుడ్డ మూట ఉంది. నేను బస్‌స్టాండు దాకా ఆమె వెంట నడిచాను. మాడుగుల బస్సు దిగినవాళ్ళు సర్దుకునేదాకా ఒక పక్కన నిలబడ్డాం. అక్కడ చెప్పాను.

“ఆ లేదు అన్న మాట పైవాళ్ళు మార్చింది కాదు. నేనే రాశాను.”

ఆమె తల తిప్పకుండానే, “తెలుసు,” అంది. “కాయితం సదివిన దినం నువ్వు నా మొకం సూడలేదు.”

ఇంకేదైనా అంటుందేమోనని ఎదురుచూశాను. తిట్టినా తేలికపడేవాణ్ణి. అనకాపల్లి బస్సు వచ్చింది. మూట ముందు లోపలికి తోసి, తను ఎక్కింది. జనం ఎక్కువగా ఉండడంతో కిటికీ దగ్గర ఆమె కనబడలేదు.

మరో మూడేళ్ళకి ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళినప్పుడు, పని తొందరగా తెముల్చుకుని ఆ హాస్టలు వెతుక్కుంటూ వెళ్ళాను. వంటింటి వెనక ఇద్దరాడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. ఫలానా ఊరి మనిషి, జవాను పెళ్ళాం అని చెప్పాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాళ్ళకి పుండ్లు పడి నిలబడలేకపోతోందని ఒకావిడని పోయినేడు మానిపించేశారని, ఆమో కాదో తెలీదని అన్నారు. ఎటు పోయిందని అడిగాను. వాళ్ళకు తెలియదు.

గేటు దాటి బయటికి వచ్చాను. బస్‌స్టాండుకి నడిచి చోడవరం బస్సెక్కాను.