వెన్నుదూలం

పూడిమడక రూఫస్ తాత చెక్క కనిపిస్తే చాలు, వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తాడు. అనకాపల్లి బస్సు తలుపు మొదలుకొని చర్చిలో ఫాదరుగారి కుర్చీ వరకూ అన్నీ ఆ పరీక్షకు నిలవాల్సిందే. ప్లాస్టిక్ కుర్చీని మాత్రం తట్టడు, పాపమని వదిలేస్తాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ ఒడ్డున చెక్క ఓడలు కట్టిన యార్డులో వాళ్ళ నాన్న వడ్రంగి. యుద్ధం ఆగాక సగం కట్టి విప్పేసిన ఓడ నుంచి, అడుగున వెన్నెముకలా ఉండే వెన్నుదూలం ముక్కొకటి ఇంటికి మోసుకొచ్చాడు. ఓడ మునగకూడదని, ఆ దూలం అతుకులో తన పేరు చెక్కిన వెండి సిలువ పెట్టి బిగించానని చచ్చేదాకా చెప్పాడు. ఎనభై ఏళ్ళుగా ఆ ముక్కే వాళ్ళ అరుగు మీద బల్ల.

నిన్న యార్డు చరిత్ర రాస్తున్న లావణ్య వచ్చి దాని మీదే కూర్చుంది. "ఒక్క రుజువైనా లేకపోతే యార్డు ఉండేదని రాయలేను తాతా," అంది.

"రుజువు మీద కూకోని రుజువేదంటావేటమ్మా? లెగు," అని తాత ఉలీ సుత్తీ అందుకున్నాడు.

మధ్యాహ్నానికి గాని అతుకు విడలేదు. లోపల సిలువ ఆకారంలో చక్కగా తొలిచిన గుంట ఉంది. సిలువ లేదు. పేరూ లేదు. లావణ్య ఫోటో తీయబోయి ఫోను దించేసింది.

తాత గుంటలో వేలు పెట్టి తడిమాడు. "ఆ ఏడు మా అక్కకి జొరం. అతుకు మూయకముందే అమ్మేసుంటాడు," అన్నాడు. వేలు బయటికి తీసి, "అక్క బతకనేదు," అన్నాడు.

ఆమె వెళ్ళాక రెండు ముక్కలూ కలిపి కొట్టాడు. నీటిచుక్క దూరని అతుకులో ఇప్పుడు వేలు దూరుతోంది. తట్టలేదు, చెవి ఆనించలేదు. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.