కారు కింద అట్టముక్క

మొన్న పొద్దున పాలపొట్లం కోసం కిందికి దిగితే, మా అపార్టుమెంటు సెల్లారులో మూడో అంతస్తు ఇంజనీరుగారు మోకాళ్ళ మీద వంగి కనిపించారు. ఈమధ్యనే సరదాపడి కొనుక్కున్న పాతకాలపు కారు కింద ఒక అట్టముక్క పరుస్తున్నారు. ఫ్రిజ్ వచ్చిన పెట్టె తాలూకు అట్ట. "వెనక చక్రం దగ్గర ఆయిలు కారుతోందండీ, ఎంత కారుతోందో చూద్దామని" అన్నారు, ఎవరికీ చెప్పకండి అన్నట్టుగా. నేను పాలపొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనక యాక్సిల్లో పోసే చిక్కటి ఆయిలుకి ఒక వాసన ఉంటుంది. కుళ్ళిన ఉల్లిపాయనీ దీపావళి మర్నాటి వీధినీ కలిపినట్టు. అది ముక్కుకి తగలగానే పద్మారావు నగర్‌లో మా మామయ్యగారి ఇంటి పోర్టికో, ఒక వారం పాటు ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడుకోని ఆ ఇల్లూ కళ్ళముందుకొచ్చాయి.

మాది జనరల్ బజారులో బట్టలకొట్టు. మా తాత తెనాలి నుంచి వచ్చి పెట్టాడు. నడక రాకముందే నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టేవారట. అక్కడ నేర్చుకున్న చదువంతా ఒక్క మాటలో చెప్పాలంటే, నీకేం కావాలో ఎదుటివాడికి తెలియనివ్వకు. నీలం చీర కావాలంటే ఎర్రచీర వైపు చూడాలి. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా నేను అమ్మాయిని వదిలేసి వాళ్ళ గోడగడియారం వైపే చూస్తూ కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటివాణ్ణి అల్లుడిగా తెచ్చుకున్నది ఎలాంటి ఇల్లనుకున్నారు? మామయ్యగారు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చెప్పిన ధర జేబులోంచి తీసి ఇచ్చేసి, పైగా థాంక్స్ చెప్పే రకం. అత్తయ్యగారు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆవిడ ఒకసారి కాదన్నాక ఇక ఆ మాట మీద బేరం ఉండదు. వీళ్ళిద్దరి మధ్య ఒక కారు. ఎవరో తెల్లదొర సికింద్రాబాద్ వదిలిపోతూ అమ్మిన బండి, చేతులు మారి మారి మామయ్యగారి దగ్గరికి చేరింది. నల్లగా, గుండ్రంగా, వీపు వంచి కూర్చున్న గేదెలా ఉండేది. దాని తోలుసీట్ల మీద ఎండాకాలంలో కూర్చుంటే లేచేటప్పుడు చర్మం కూడా అక్కడే ఉండిపోతుందేమో అనిపించేది. కొడుకులు లేని మామయ్యగారు ఆ కారుని "వాడు" అనేవారు.

ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ ఆ కారులో బొల్లారంలో ఉన్న అత్తయ్యగారి అక్కగారింటికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవారు. నాకు పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు, మా ఆవిడా నేనూ అప్పట్లో వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. ఒక ఆదివారం అలాగే తిరిగొస్తూ, మా వీధి మలుపు దగ్గరున్న దిగుడులో మామయ్యగారు బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. ఒక పక్కకి లాగుకుంటూ పోయి, కొత్తగా కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసకకుప్పలో ముక్కు దూర్చి నిలబడింది. దెబ్బలేం తగల్లేదు. అత్తయ్యగారు తలుపు తీసుకుని దిగి, చీరకంటిన ఇసక దులుపుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచొచ్చేశారు. రాత్రి భోజనాల దగ్గర వడ్డిస్తూ వడ్డిస్తూ అన్నారు. "వచ్చే ఆదివారానికి ఆ బండి ఆగేట్టు చేయండి. లేదంటే అక్కయ్య పక్కింటి మిలిటరీ ఆయన ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు, ఇచ్చేయండి. ఆ సాయంత్రం వచ్చి చూసుకోమని కబురు కూడా పంపించాను. అంతవరకూ నేను దాన్లో కాలు పెట్టను."

మామయ్యగారు పెరుగన్నం కలుపుతూ ఉండిపోయారు. నేనే కల్పించుకున్నాను. "అత్తయ్యగారూ, పాతబండి కదా, ఇంకో వారం గడువిస్తే..."

"ఇది మీ కొట్టు కాదు బాబూ" అన్నారావిడ, నా ఆకులో ఇంకాస్త పప్పు వేస్తూ.

మర్నాడు మామయ్యగారు బండిని పోర్టికోలో జాకీ మీదికెత్తి వెనక చక్రం ఊడదీశారు. బ్రేకుడ్రమ్ము తీస్తే లోపలంతా ఆయిలు. యాక్సిల్ చివర ఒక రబ్బరు చుట్టు ఉంటుంది, దాన్ని సీలంటారు. యాక్సిల్ ఆయిలు చక్రంలోకి రాకుండా అడ్డుపడడమే దాని పని. అది అరిగిపోయి, బ్రేకులు పట్టుకునే చోటంతా ఆయిలు పూసింది. నూనె రాసుకున్న చేతుల్తో జారే పిల్లాణ్ణి పట్టుకోబోయినట్టన్నమాట. రెండోవైపు చూస్తే అక్కడా అంతే. మెకానిక్కు దగ్గరికి తోసుకుపోదామన్నాను. "తోసుకుపోతే వీధంతా చూస్తుంది. నేనే చేస్తాను" అన్నారు. వీధంటే ఎవరో నాకు తెలుసు. వంటింటి కిటికీలోంచి పోర్టికో బాగా కనబడుతుంది.

సీలు దగ్గరికి చేరాలంటే చక్రం బిగించే హబ్బు ఊడాలి. అది యాక్సిల్‌కి పట్టుకుపోయి ఎన్నేళ్ళయిందో. దాన్ని లాగే ఇనప పంజా ఒకటి ఎక్కడో అడిగి తెచ్చారు. దాని మర బిగిస్తూ పోతే హబ్బు ఎప్పుడో ఒకప్పుడు తుపాకీ పేలినట్టు ఊడి వస్తుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ ఎముకలు విరుగుతాయి. అందుకని చివర నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచేశారు. ఆయన పానాతో ఒక్కొక్క చుట్టు తిప్పడం, పక్కకి జరగడం, సుత్తితో తట్టడం, వినడం. గుండె చప్పుడు వినే డాక్టరులా తల వంచి వినేవారు. నేను గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. రెండు రోజులు అది కదల్లేదు. ఆయన చేతుల్లోంచి పానా జారిపోయేది. "నన్ను తిప్పమంటారా" అంటే విననట్టే ఇంకో చుట్టు తిప్పేవారు. మూడోరోజు అందరం కాఫీలు తాగుతుండగా, ఎవరూ ముట్టుకోకుండానే, ఠాప్‌మని పేలింది. వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడు. తర్వాత అత్తయ్యగారి గొంతు, "ఏమండీ?" అని. ఆ వారంలో ఆవిడ ఆయన్ని పిలిచిన మొదటి పిలుపు అది. "ఏం లేదు, ఊడింది" అన్నారీయన. రెండోవైపుది మర్నాడు తేలిగ్గానే ఊడింది.

ఇక నా ఘనకార్యం. సీళ్ళు తెచ్చే పని నాకు అప్పగించారు, బేరమాడడం నాకు కదా తెలుసు. పాత సీలు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని రాణీగంజ్ వెళ్ళాను. స్పేర్‌పార్టుల దుకాణంలో ఒక లావుపాటి పెద్దాయన ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. శాంపిల్ తీసి చూపిస్తే మన అవసరం చూపించినట్టే కదా. పాతకారుకని తెలిస్తే ధర ఆకాశంలో చూపిస్తాడు. అందుకని జేబులోది జేబులోనే ఉంచి, వేళ్ళతో గుండ్రం చూపించి, ఇంత సైజు సీలుందా అన్నాను.

"ఏ బండికన్నా?"

"ఏదో పాత లారీకిలే. మావాళ్ళెవరో తెమ్మన్నారు. లేకపోయినా ఫరవాలేదు."

ఆయన నాలుగు రకాలు గల్లా మీద పరిచాడు. ఒకటి చేతిలోకి తీసుకుని, జేబులో చెయ్యి పెట్టి పాతదాన్ని వేళ్ళతో తడిమి, సరే ఇదే అనుకున్నాను. గుడ్డ నాణ్యం చీకట్లో చెప్పగలిగిన చెయ్యి, రబ్బరు చుట్టు తెలీదా? ఆయన చెప్పిన దానికి సగం నుంచి మొదలుపెట్టాను. రెండుసార్లు మెట్లు దిగాను, రెండుసార్లు ఆయన వెనక్కి పిలిచాడు. చివరికి రెండు సీళ్ళ మీద ఒకటి కొసరు కూడా రాబట్టుకుని, ఇంటికొచ్చే బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

శనివారం పొద్దున్నే మామయ్యగారు వాటిని బిగించేశారు. బ్రేకులు పెట్రోలుతో కడిగి, గరుకు కాయితంతో రుద్ది, అంతా ఎక్కించి, బండిని వీధిలో అటూ ఇటూ తిప్పి తెచ్చి పోర్టికోలో నిలబెట్టారు. మా కొట్టునుంచి తెచ్చిన చీరలపెట్టె అట్టని విప్పి వెనక చక్రాల కింద పరిచాను. భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే అట్ట మీద రెండు వైపులా రూపాయి బిళ్ళంత మరకలు. చూస్తూండగానే ఇంకో చుక్క పడింది. మామయ్యగారు అట్టని చూడలేదు. తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నారు. "సీలు తిన్నగా కూర్చోలేదు. నా చేతుల్లో పట్టు పోయిందోయ్ అల్లుడూ. రేపు ఆ మిలిటరీ ఆయనొస్తే ఇచ్చేద్దాం" అన్నారు. బండి తోలనూ పనికిరాను అనేది కూడా ఆ మాటలోనే ఉంది. కారు పోతే పోనీ, ఆ మనిషి ఇక తన చేతుల్ని నమ్ముకోడని నాకు అర్థమైంది.

అప్పుడు అత్తయ్యగారు పోర్టికోలోకి వచ్చారు. ఆ వారంలో మొదటిసారి. పనిముట్ల పళ్ళెంలో పాత సీలూ, నేను గొప్పగా తెచ్చిన కొసరు సీలూ పక్కపక్కన ఉన్నాయి. ఆవిడ కొంగుతో రెంటినీ పట్టుకుని ఒకదానిమీద ఒకటి పెట్టి చూశారు. ఆవిడ ఆ రెంటినీ పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోతే మర్నాటికి బండి పోయేది, ఆవిడ కోరుకున్నట్టే.

"ఏమండీ, మీ చేతులకేం కాలేదు" అన్నారు. "ఇవి ఒక సైజు కావు. గాజుల లెక్కన పాతది రెండు-ఎనిమిది అయితే కొత్తది రెండు-పది. నా గాజులు అంతైతే చేతికి నిలవవు, జారిపోతాయి."

నిజమే. బయటి చుట్టు ఒకటే. లోపలి బెజ్జమే తేడా, అదీ గాజుల సైజులో ఒక మెట్టు. యాక్సిల్‌ని కరిచిపట్టుకోవలసిన రబ్బరు దాన్ని ఊరికే ఆనుకుని కూర్చుంది. ఆవిడ నా వైపు తిరిగారు. "కొట్టువాడికి పాతది చూపించలేదా బాబూ?"

"జేబులోనే ఉందండీ" అన్నాను.

మామయ్యగారు నవ్వలేదుగానీ అరచేతులు పంచెకి తుడుచుకున్నారు.

దుకాణం మూసేవేళకి రాణీగంజ్ చేరాను. ఆదివారం తెరవరు. షట్టరు సగం దింపి ఉంది. వంగి లోపలికి దూరి, పాతసీలు గల్లా మీద పెట్టి, ఊపిరి తీసుకోకుండా ఉన్నదంతా చెప్పేశాను. పాతకారు, మామయ్యగారు, అత్తయ్యగారి గడువు, ఇసకకుప్ప. నా జన్మలో గల్లాకి ఇవతలి పక్కన నిలబడి అన్ని నిజాలు ఎప్పుడూ చెప్పలేదు.

"మొన్న లారీ అన్నవ్ గదనే?"

"అన్నాను. నిజం చెప్తే మీరు ఎక్కువ అడుగుతారని."

"అడుగుతుంటి, ఎందుకు అడగను" అన్నాడాయన తాపీగా, పాతసీల్లో వేలు దూర్చి తిప్పి చూస్తూ. "కానీ సైజు సుత సరిగ్గ ఇస్తుంటి గద." లేచి, వెనక అరల్లో చాలాసేపు వెతికాడు. ఆ వెతుకుతున్నంతసేపూ నేను ఎర్రచీర వైపు చూడలేదు, నీలంచీర వైపే చూశాను. దొరికాయి. పాతదాని మీద పెట్టి చూపించాడు. అడిగింది ఇచ్చేశాను. "ఏందీ, బేరం చెయ్యవా?" అని ఆయనే పరేషానయ్యాడు.

ఆదివారం మధ్యాహ్నానికి బండి మళ్ళీ నిలబడింది. అట్ట తిరగేసి పరిచాం, పొడిగానే ఉంది. కానీ ఆగుతుందో లేదో దిగుడు మీద తేలాలి. నేనూ మామయ్యగారూ వెళ్ళి చూసొద్దామనుకుంటుండగా అత్తయ్యగారు చీర మార్చుకుని వచ్చి ముందు తలుపు తీసుకుని కూర్చున్నారు. "ఆగాకే కదా ఎక్కుతానన్నావు" అన్నారు మామయ్యగారు. "నేను లేకుండా ఆగితే నాకెలా తెలుస్తుంది?" అన్నారావిడ. నేను వెనక సీట్లో కూర్చుని ముందు సీటు వీపు రెండు చేతుల్తో పట్టుకున్నాను.

దిగుడు మొదట్లోనే మామయ్యగారి కాలు బ్రేకు మీదికి వెళ్ళబోయింది. "ఇక్కడ కాదు. ఆ రోజు తొక్కిన చోట" అన్నారు అత్తయ్యగారు. బండి జోరందుకుంది. ఇసకకుప్ప పెద్దదవుతోంది. దాని మీద పడుకున్న కుక్క లేచి నిలబడి మావైపు చూసింది. ఆవిడ "ఊఁ" అన్నారు. ఆయన తొక్కారు. మేమందరం ముందుకి తూలాం. బండి ఏ పక్కకీ లాగకుండా తిన్నగా, తన బరువు తనే దించుకున్నట్టు, నిలబడిపోయింది. ఇంజను కూడా ఆగిపోయింది. కాసేపు ఎవరం కదల్లేదు. వెనక్కి గానీ ముందుకి గానీ జారుతుందేమోనని ముగ్గురం ఎదురుచూశాం. జారలేదు. కుక్క మళ్ళీ పడుకుంది.

అప్పుడు చూశాను. అత్తయ్యగారి పక్క తలుపు జానెడు తెరిచి ఉంది, ఆవిడ చెయ్యి గడియ మీద ఉంది. మామయ్యగారూ చూశారు. "దూకడానికి సిద్ధపడి ఎక్కావా?" అన్నారు.

"ఎక్కానుగా" అన్నారావిడ తలుపు దగ్గరికి లాక్కుంటూ.

సాయంత్రం మిలిటరీ ఆయన వచ్చాడు. అత్తయ్యగారు కాఫీ ఇచ్చి, "ఆదివారాలు మాకు బొల్లారం వెళ్ళే పని ఉంటుందండీ, బండి కావాలి" అన్నారు. ఆయన ధర పెంచాడు. మళ్ళీ పెంచాడు. నాకు చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆవిడ మాత్రం కారు వైపు చూడలేదు, మామయ్యగారి వైపూ చూడలేదు, ఆయన వెళ్ళేదాకా గోడగడియారం వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళు బొల్లారం వెళ్ళొచ్చారు. ఆవిడ చెయ్యి గడియ మీద ఉండేది, ఆయన కాలు ముందుగానే బ్రేకు మీద ఉండేది. సోమవారం పొద్దున వాకిట్లో ముగ్గు వేసి లేస్తూ ఆవిడే వంగి అట్ట చూసేవారు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు, ఆ ఇల్లూ లేదు. మా ఇంజనీరుగారికి మాత్రం చెప్పాను, పాతసీలు జేబులో దాచుకోకండి, తీసి చూపించి, ఎందుకో కూడా చెప్పండి అని. ఈ వయసుదాకా బేరాలాడి ఏం మిగిల్చానో నాకు గుర్తులేదు. ఆ దిగుడులో, బండి ఆగిందని నమ్మడానికి మేం ముగ్గురం ఊపిరి బిగబట్టిన ఆ కాస్తసేపు మాత్రం ఇన్నేళ్ళయినా ఖర్చు కాకుండా నా దగ్గరే ఉంది.