పంటు దిగని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటి వెనక పెట్టె కట్టి చూడు అని మాత్రం ఒక్కరూ హెచ్చరించలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది వైనతేయ గోదావరి రేవులో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా నా ఇంటికి నేను చేసుకున్న ఘోరం. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళంతా కడుపుబ్బా నవ్వేశారు, మీరు కొత్తగా నవ్వేదేముంది?

ఇల్లంటే గోడలూ గుమ్మాలూ అనుకునేరు. నా ఇల్లు ఒక వ్యాను. డెబ్బైల చివర్లో నేనొక పళ్ళపొడి కంపెనీ ప్రచార వ్యానుకి డ్రైవర్ని. సినిమా ఆపరేటర్ని కూడా నేనే, మైకులో అరిచేదీ నేనే. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. గది అద్దెకి తీసుకుంటే అందులో ఉండేదెప్పుడు? అందుకని వ్యానులోనే పడక, వ్యానులోనే వంట. కోనసీమలో ఊరూరూ తిరిగి, పొద్దు వాలగానే బడి ఆవరణలో తెర కట్టి, పాత సినిమా వేసి, మధ్యలో ఆపి పళ్ళపొడి మీద ఉపన్యాసం దంచేవాణ్ణి.

సినిమా ఆడుతున్నంతసేపూ ఊరు ఊరంతా నా చుట్టాలే. "రేపు కూడా ఉంటారాండి?" "మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళాలండి, ఆయ్!" అని ఒకటే మర్యాదలు. తెర చుట్టడం మొదలుపెట్టగానే చాపలు దులుపుకుని ఎవరిళ్ళకి వాళ్ళు. నేను అట్టపెట్టెల మధ్య ఒళ్ళు వాల్చేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ వేళ నాకు ఏడుపొచ్చేది. మైకులో ఊరందరితో మాట్లాడే మనిషికి, మెల్లగా మాట్లాడ్డానికి ఒక్కరూ ఉండేవారు కాదు. కొన్నాళ్ళకి పెట్టెలతో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏం, మీద మీద పడుతున్నావు, కాస్త సర్దుకో" అనేవాణ్ణి. అవి సర్దుకునేవి కావు.

అలాంటి రోజుల్లో రాజోలు వైపు ఒక ఊరి బళ్ళో ఆట వేయడానికి వెళ్ళాను. అక్కడ టీచరు పేరు కరుణ. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, నేను తెర కడుతుంటే వచ్చి వ్యానులోకి తొంగిచూసింది.

"అంతా మీరొక్కరేనాండి?"

"ఆయ్, ఒక్కణ్ణేనండి. డ్రైవర్నీ నేనే, ఆపరేటర్నీ నేనే."

"అది కాదండి. తినేటప్పుడు కూడా ఒక్కరేనా?"

ఊరికే అడిగి ఊరికే వెళ్ళిపోయింది. నేను మాత్రం కట్టిన తెర తాడే మళ్ళీ విప్పి కట్టాను. అన్నేళ్ళలో నా తిండి గురించి అడిగిన మనిషి లేదు. ఆ సాయంత్రం మైకులో "రోజుకి రెండుసార్లు పళ్ళు తోముకోండి" అనబోయి "రోజుకి రెండుసార్లు భోంచెయ్యండి" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు.

నాకున్న ఒకే ఒక్క చుట్టం కొత్తపేటలో మా పెద్దమ్మ. వెళ్ళి ఆవిడ ముందు కూలబడ్డాను.

"మన సంఘంవాళ్ళేరా దానియేలూ," అంది పెద్దమ్మ. "వాళ్ళ నాన్న మేస్టారు, మంచోరు. నేను కదుపుతాను. కానీ ముందు ఇల్లు చూడాలంటారు మరి."

"చూపిద్దాం పెద్దమ్మా, ఇల్లుందిగా."

"ఎక్కడుందిరా?"

"వీధిలో ఆపేను."

పెద్దమ్మ వీధిలోకొచ్చి వ్యాను వెనక తలుపు తీసింది. పళ్ళపొడి పెట్టె ఒకటి ఆవిడ కాలి మీద పడింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇందులో నువ్వు పడుకోడానికే చోటు లేదు. ఆ పిల్లని ఎక్కడ పెడతావురా, జనరేటర్ మీదా?"

మా వైపు పిల్లనిచ్చే ముందు, పిల్ల తాలూకు పెద్దలు వచ్చి ఇల్లు చూసుకోవడం ఆనవాయితీ. గదులు చూస్తారు, నూతిలోకి తొంగిచూస్తారు, దొడ్లో కొబ్బరిచెట్లు తలెత్తి చూస్తారు. అన్నీ అయ్యాక ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగారా, సంబంధం కుదిరినట్టే. లోకంలో ఎక్కడైనా మనుషులు ఇల్లు చూడ్డానికి వెళ్తారు. మా కేసులో ఇల్లే మనుషుల దగ్గరికి వెళ్ళాలని తీర్మానమైంది. అందుకు ముందు దాన్ని ఇల్లులా చెయ్యాలి. నా బుర్రకి ఒక మహత్తరమైన ఊహ తట్టింది: లోపలి సామానంతా బయట పెట్టేస్తే, లోపల మిగిలేది ఇల్లే కదా!

అమలాపురంలో వెల్డింగ్ షాపు అప్పారావు దగ్గరికి తీసుకెళ్ళాను. టాపు మీద సామాను పెట్టుకునే కేరేజీ, వెనక తలుపు కింద వేలాడేలా ఇనప పెట్టె కట్టమన్నాను.

"ఎంత పొడుగు కావాలండి?" అన్నాడు అప్పారావు.

"జనరేటర్ పట్టాలండి."

"పట్టేస్తుందండి. ఇంకో అడుగు పెంచేద్దామాండి?"

"పెంచితే?"

"ఇంకా పడతాయండి."

ఇంత గట్టి తర్కానికి ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు? "అంత వెనక్కి వేలాడితే బరువైపోదాండి?" అని ఒక్కసారి గొణిగాను. "ఇనుమండి బాబూ! ఇనుముకి బరువేంటండి!" అని అప్పారావు నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. తయారయ్యాక చూస్తే వ్యాను వెనక ఇంకో పిల్ల వ్యాను పుట్టినట్టుంది. దానికి ఆకుపచ్చ రంగు కూడా వేయించాను. కంపెనీవాళ్ళని అడిగావా అని మీరు మాత్రం అడక్కండి.

లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, కిటికీలకి పువ్వుల కర్టెన్లు, కొత్తగా కొన్న రెండు కంచాలు, రెండు గ్లాసులు. ఆలు లేదు, చూలు లేదు, కర్టెన్లు మాత్రం వచ్చేశాయి. నా పాత బతుకంతా, అంటే పాత కంచం, సొట్టల గిన్నె, కాలిన దుప్పటి, చిల్లుల బనీను, పచ్చడి సీసా లాంటివి, ఎవరి కంటా పడకుండా వెనక పెట్టెలో జనరేటర్ పక్కన కుక్కి తాళం వేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వస్తామని కబురు పెట్టాం. అవతలి రేవులోనే ఎదురొస్తామని మేస్టారు తిరుగు కబురు పంపారు. అప్పటికి అక్కడ వంతెన లేదు, పంటు మీద దాటాలి. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి, బళ్ళనీ మనుషుల్నీ కలిపి లాంచీతో లాక్కెళ్ళేదే పంటు. నది పోటు మీదున్నప్పుడు పంటు ఒడ్డుకి సమానంగా లేస్తుంది, బండి హాయిగా దిగుతుంది. నీరు తీశాక పంటు కిందికి జారిపోతుంది, ఒడ్డు గోడలా లేచి నిలబడుతుంది. కోనసీమలో బండి తోలేవాడెవడైనా బయల్దేరే ముందు పోటు చూసుకుంటాడు. ఆ రోజు నేను అద్దం చూసుకున్నాను.

ఇవతలి ఒడ్డు కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి ఎలాగో పంటు ఎక్కేశాం. పెట్టె బల్లల్ని ఒకసారి బర్రున గీరింది. పంటు నడిపే సరంగు నా వ్యాను వెనక్కి వెళ్ళి, చూసి, మళ్ళీ ముందుకొచ్చాడు.

"డ్రైవరు గారూ, నీరు బాగా తీసేసిందండి. ఆ తోకతో అవతల దిగలేరండి. పోటు వచ్చేదాకా పంటు మీదే కూచోండి."

"అవతల నాకోసం ఎదురుచూస్తున్నారండి," అన్నాను.

ఆ మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి. నది మధ్యలోకి వచ్చేసరికి కనిపించారు. గొడుగు పట్టుకుని మేస్టారు, పక్కన ఆయన భార్య రత్నమ్మ గారు, కాస్త వెనగ్గా కరుణ. ఎన్ని రేవులు దాటాను, ఎవరైనా నాకోసం వచ్చి నిలబడ్డారా? వాళ్ళని ఒక్క నిమిషం కూడా నిలబెట్టాలనిపించలేదు. పంటు ఒడ్డుకి తగలగానే గేరు వేశాను.

ముందు చక్రాలు ఒడ్డెక్కాయి. వ్యాను ముక్కు ఆకాశం వైపు లేచింది. వెనక పెట్టె పంటు బల్లల మీద ధన్‌మని కూర్చుంది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ ఇల్లు కదలట్లేదు.

"ఒరే, పైకెళ్ళిపోతున్నామేంట్రా?" అని పక్క సీట్లోంచి పెద్దమ్మ అరిచి, "ప్రభువా, ఈ వెధవని క్షమించు" అని ప్రార్థన మొదలుపెట్టింది.

నా వెనక పంటులో సైకిళ్ళవాళ్ళు, గంపలవాళ్ళు. ఎదురుగా ఒడ్డు మీద పంటెక్కడానికి వచ్చిన కొబ్బరికాయల లారీ. అందరూ సలహాదార్లే.

"ముందుకి తియ్యండి!"

"వెనక్కి తియ్యండి!"

"అసలెందుకు తెచ్చేరండీ బాబూ!"

మేస్టారు గొడుగు ముడిచి ఎంతో మర్యాదగా అడిగారు. "దానియేలు గారూ, ఇదేనాండి ఇల్లు?"

"ఆయ్, ఇదేనండి."

"ప్రస్తుతం నీళ్ళలో ఉన్నట్టాండి, నేల మీద ఉన్నట్టా?"

"సగం సగమండి."

పెట్టె ఖాళీ చేస్తే గానీ వెనక లేవదని సరంగు తేల్చాడు. పెట్టె సొట్టపోయి తాళం బిగుసుకుపోయింది. గునపంతో పెకలించారు. ఇక ఇక్కడ రేవు అలవాటొకటి చెప్పాలి. సామాను చేతులు మార్చుకుంటూ ఒడ్డుకి చేరేసేటప్పుడు, ఏదీ పోకుండా పేరు పెట్టి అరుస్తారు. ఎంత మంచి అలవాటో చూడండి. పంటు మీంచి ఒడ్డు దాకా మనుషులు బారుగా నిలబడ్డారు.

"కంచం ఒకటీ!"

"గిన్నె ఒకటి, సొట్ట!"

"దుప్పటి ఒకటి, అంచు కాలింది!"

"బనీను ఒకటి, ఎటు తొడుక్కుంటారో తెలీట్లేదు!"

"మావిడికాయ పచ్చడి, బూజొచ్చింది! ఉంచమంటారా, గోదాట్లో కలిపెయ్యమంటారా?"

రేవంతా విరగబడి నవ్వుతోంది. నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. బారు చివర అందుకుంటున్నది ఎవరో కాదు, రత్నమ్మ గారే. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయి అడిగింది.

"ఏం బాబూ, అన్నీ ఒక్కోటేనా?"

"ఆయ్, ఒక్కోటేనండి."

ఆవిడ ఆ కంచం మీద మట్టి చెంగుతో తుడిచి పక్కన పెట్టింది. అంతే, ఎవరూ గట్టిగా నవ్వలేదు.

జనరేటర్ మాత్రం సొట్టలో ఇరుక్కుని బయటికి రాలేదు. చివరికి కొబ్బరికాయల లారీకి మోకు కట్టి లాగించారు. వ్యాను ఒడ్డెక్కింది. పెట్టె మాత్రం జనరేటర్‌తో సహా ఊడి పంటు మీదే ఉండిపోయింది. "తోకనేం చెయ్యమంటారండి?" అని సరంగు కేకేశాడు. నేను విననట్టు కర్టెన్లు సర్దుకున్నాను.

ఇంత జరిగాక వాళ్ళు ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాను. గోదావరివాళ్ళ మర్యాద మీకు తెలియనిదా? మేస్టారు చెప్పులు విడిచి వ్యానులోకి ఎక్కారు. బల్ల మీద కూర్చుని కర్టెను జరిపారు.

"గాలి బానే వస్తుందండి. నుయ్యో?"

"ఊరూరా ఉందండి."

"కొబ్బరిచెట్లు?"

"దారి పొడుగునా అండి."

మేస్టారు పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే, "కాస్త మంచినీళ్ళిప్పించండి" అన్నారు. కొత్త గ్లాసుతో నీళ్ళిచ్చాను. ఆయన గుక్క తిప్పుకోకుండా తాగేశారు! పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. ఆ క్షణంలో నా అంత అదృష్టవంతుడు ఈ మూడు తాలూకాల్లో లేడు.

అప్పుడు కరుణ తలుపు దగ్గరికి వచ్చి లోపలంతా చూసింది.

"చాలా బాగుందండి. ఇంత శ్రద్ధగా ఎవరు చేస్తారండి," అంది. "కానీ నాకు బండెక్కితే వాంతులండి."

"ఉసిరికాయ బుగ్గన పెట్టుకుంటే పోతుందమ్మా," అంది పెద్దమ్మ వెంటనే.

"నిమ్మకాయా అయ్యింది, ఉసిరికాయా అయ్యిందండి," అన్నారు మేస్టారు దిగులుగా. "రాజోలు బస్సెక్కితే రెండో స్టాపులో దింపెయ్యాలండి. పడవైతే ఏ గొడవా లేదు. ఇల్లు కదా, కదలదులే అనుకున్నాం."

పెట్టె కొలతలు అడిగాను, జనరేటర్ కొలతలు అడిగాను, కర్టెన్ల గుడ్డ కొలతలు అడిగాను. ఉండవలసిన మనిషిని మాత్రం ఒక్క ముక్కా అడగలేదు.

"ఆగి ఉన్న బండిలో కూడానాండి?" అన్నాను.

"ఆగి ఉంటే ఏం కాదండి."

"మరైతే..."

"మీరు ఆపరు కదండీ," అంది కరుణ. నావైపే చూస్తూ నిలబడింది.

నేనేమన్నానో తెలుసా? తెలివైనవాణ్ణి కదా, నవ్వి, "ఎలా ఆపుతానండి, తిరగడమే నా ఉద్యోగం!" అన్నాను. అందరూ నవ్వారు. కరుణ కూడా నవ్వి, "అవునులెండి," అని వెనక్కి తిరిగి వాళ్ళమ్మ పక్కకి వెళ్ళిపోయింది.

వాళ్ళింట్లో భోజనం పెట్టారు. ఆ పూట మటుకు నేను ఒక్కణ్ణే తినలేదు. సాయంత్రం పోటు మీద తిరిగొస్తుంటే పెద్దమ్మ పంటు మీద అడిగింది. "ఒరే, ఆ పిల్ల 'ఆపరు కదండీ' అంటే ఏమిట్రా అర్థం?"

"బండి ఆపనని."

"ఓరి చవటా! ఆపుతారా అని అడిగిందిరా! 'ఆపుతానండి' అని ఒక్క ముక్క అంటే నీ నోటి పళ్ళపొడి రాలిపోయేదా?"

మర్నాడే వెళ్ళి చెబుదామనుకున్నాను. కానీ విరిగిన పెట్టె సంగతి మర్నాటికి కంపెనీకి తెలిసిపోయింది. నన్ను వ్యానుతో సహా నెల్లూరు వైపు తరిమారు. పెద్దమ్మ చేత కబురంపితే, "ఆయన నోటితో ఆయన చెప్పాలి కదండీ" అన్నారట మేస్టారు వాళ్ళు. అదీ న్యాయమే. నేను మళ్ళీ రాజోలు వైపు వచ్చేసరికి ఆమెకి పెళ్ళయిపోయింది, కాపురం కదలని పెంకుటింట్లో. అట్టపెట్టెలు మళ్ళీ వ్యానులోకి వచ్చాయి. ఖాళీ బల్ల చూడలేక నేనే ముందు దాని మీద పేర్చాను.

కాబట్టి పాఠక మహాశయులారా, వైనతేయ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇదీ. జన్మలో మరే బండికీ వెనక పెట్టె కట్టించను. నీరు తీసిన వేళ పంటు దిగను. ఎవరైనా నా మొహంలోకి చూసి "మీరు ఆపరు కదండీ" అంటే, అక్కడికక్కడే బండి ఆపి, తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి, ఆ తర్వాతే నోరు విప్పుతాను. మొదటి రెండూ ఒకటీ అరా సార్లు తప్పాను. మూడోది మాత్రం ఈనాటి వరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ మాట మళ్ళీ నాతో ఎవరూ అనలేదు.