తువ్వాళ్ల దయమ్మ, ఆమె కాచిన కొయ్య తొట్టి

సోమవారం ఉదయం సార్‌ని ఆఫీసులో దింపి, కారు అద్దాలు తుడుస్తూ ఉండగా మేడమ్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. "దయా ఫాల్. కిచెన్. కమ్, కమ్." అంతకు మించి ఆమె నోటి నుంచి మాట రాలేదు. నేను ఇల్లు చేరేసరికి అంబులెన్సు గేటు దాటి వెళ్తోంది. దాని వెనకే ఆసుపత్రికి వెళ్లాను. గుండె ఆగిపోయింది, తీసుకొచ్చేసరికే ప్రాణం లేదు అన్నారు. అంతకు ముందు శుక్రవారం ఆరాధనలో అందరికంటే ఒక అక్షరం ముందుగా పాట అందుకున్న సోదరి దయామణి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయిందన్న మాట నా మనసుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

దుఃఖించడానికైనా వ్యవధి దొరకలేదు. ఆ సాయంత్రమే కోనసీమ నుంచి ఆమె కూతురు ఫోను చేసింది. ఏడుస్తూనే అడిగింది.

"మావయ్యగారూ, అమ్మకి అక్కడ బాప్తిస్మం అయ్యిందాండి? సంఘ పెద్దలు అడుగుతున్నారు. అవ్వకపోతే సమాధుల తోటలో చోటివ్వరంటండి. ఏటిగట్టు కింద పెట్టుకోమంటున్నారు."

గోదావరి అంటే దయమ్మకు ఎంత భయమో ఎరిగినవాణ్ణి. "మీ సంఘ పెద్దయ్యగారితో నేను మాట్లాడతానమ్మా" అని ఫోను పెట్టేశాను.

దయమ్మను మఫ్రఖ్‌లో ఆరాధనకు కూడుకునే మన సహవాసంలో తెలియనివారు లేరు. కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను. అబుధాబిలో ఒక జపాను దంపతుల విల్లాలో ఆమె ఇంటిపని చేసేది. అదే ఇంట్లో నేను డ్రైవరుని. శుక్రవారం ఆరాధనకు కారులో తీసుకువెళ్లేందుకు మేడమ్ అనుమతి ఇచ్చారు కనుక, దారి పొడవునా ఆమె మాటలు వినే భాగ్యం నాకు కలిగింది. భయాలూ ప్రార్థనలూ కలిసి ఉండేవి ఆ మాటల్లో. గ్యాసు కట్టానో లేదో, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానో లేదో, కూతురికి జ్వరం తగ్గిందో లేదో. ఒక్కో భయాన్నీ ప్రభువు పాదాల దగ్గర పెట్టేది. మళ్లీ తానే తీసి చూసుకునేది. "పెట్టానండి అన్నయ్యగారూ, కానీ సరిగ్గా పెట్టానో లేదో" అనేది.

అన్నిటికన్నా పెద్ద భయం నీళ్లు. చిన్నప్పుడు రేవు దాటుతుంటే పడవ తిరగబడింది. తల్లి ఆ ఏటిలోనే పోయింది. దయమ్మను ఎవరో జుట్టు పట్టి ఒడ్డుకు లాగారు. విశ్వాసంలోకి వచ్చి ఎన్నో ఏళ్లైనా, నీటిలో మునిగి సాక్ష్యమివ్వడం ఆమె వల్ల కాలేదు. మనవారు ఉమ్ అల్ క్వైన్ సముద్రం ఒడ్డున తెల్లవారుతూనే బాప్తిస్మాలు ఇచ్చినప్పుడల్లా తానూ వచ్చేది. అలలు కనపడకుండా వ్యానులో కిటికీకి తెర వేసుకుని కూర్చునేది. లోపలికి వెళ్లినవారు మునిగి లేచారని పాట వినబడితే చాలు, ఒడిలో తువ్వాళ్లు పెట్టుకుని ఇసుకలోకి పరుగెత్తేది. నీళ్లు కారుతూ ఒడ్డెక్కినవారి తల చుట్టూ తువ్వాలు చుట్టి, "వణక్కమ్మా, అయిపోయింది" అనేది. తువ్వాళ్ల దయమ్మ అన్న పేరు అలా వచ్చింది. అజ్మాన్ నుంచి వచ్చే సోదరులు హాస్యమాడేవారు. "సిస్టర్, పరలోకంలో కూడా గుమ్మం దగ్గర తువ్వాళ్లు పట్టుకునే నిలబడతారా?" అంటే, "లోపలికి రానిస్తే చాలు నాయనా, తువ్వాళ్లు నేనే ఉతుక్కుంటాను" అనేది.

అలాంటి మనిషికి ప్రభువు అప్పగించిన పని చూడండి.

మేడమ్‌కు నడుము నొప్పి. మామూలు టబ్బులో కాళ్లు చాపుకుని పడుకుంటే తగ్గేది కాదు. తమ దేశపు తొట్టిలో మెడదాకా వేడినీళ్లలో కూర్చుంటే గాని ఉపశమనం లేదని, స్నానాల గది కొలతలు పంపి ప్రత్యేకంగా ఒక కొయ్య తొట్టి చేయించి తెప్పించుకున్నారు. హినోకి అనే చెట్టు కలప. మేకు అనేది లేకుండా పలకకు పలక బిగించి చేసినది. పోర్టు నుంచి దాన్ని తెచ్చే పని నాకు పడింది. చెక్కపెట్టె చూసి కస్టమ్స్ గుమాస్తా కనుబొమలు ఎగరేశాడు.

"క్యా హై భాయ్, తాబూత్ హై క్యా?"

శవపేటికా అని అడిగాడన్నమాట. స్నానం చేసే తొట్టి అన్నాను. "ఇంత దూరం నుంచి కొయ్య తొట్టా, ప్లాస్టిక్ దొరకలేదా" అని నవ్వి, "ఖలాస్, యల్లా", అయిపోయింది ఇక పదమని, ముద్ర వేశాడు. పెట్టె విప్పినప్పుడు ఇల్లంతా ఒక సువాసన నిండింది. నిమ్మగడ్డిని గంధంతో కలిపి నూరితే ఎలా ఉంటుందో అలాగ. దయమ్మ మాత్రం దాని లోతు చూసి గోడకు అంటుకుపోయింది. "ఇందులో నిలబడితే నడుం దాటుద్దండి అన్నయ్యగారూ. కూర్చుంటే ఇంకేం ఉంది" అంది.

ఆ తొట్టిని రోజూ నింపి, తుడిచి, గాలి తగిలేలా మూత వారగా పెట్టడం ఆమె పని అయింది. మొదట్లో ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి ఒక్కటి ముంచి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసేదట. పనితో పాటు నియమాలూ నేర్చుకుంది. అందులో సబ్బు పడకూడదు. ముందు బయట చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని, శుభ్రమయ్యాకే తొట్టిలోకి దిగాలి. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో కూర్చుంటారు. ఇది విన్న రోజు నేను కారు నడుపుతూ ముఖం చిట్లించాను.

"ఒకరు మునిగిన నీళ్లలో ఇంకొకరా, దయమ్మా?"

"నేనూ అలాగే అనుకున్నానండి. మరి మీరందరూ సముద్రంలో ఒకే నీళ్లలో మునగలేదాండి?" అని, "మురికి పోవడానికి కాదంటండి అది. మురికి బయటే వదిలెయ్యాలంట. ఆ తరవాతే లోపలికి" అంది. బాప్తిస్మం గురించి నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి. ఆ మాట మాత్రం ఆ ప్రసంగాల కన్నా ఎక్కువ కాలం నాలో నిలిచింది.

మొదటి వేసవి ఆమెకు పరీక్ష. దంపతులు సెలవులకు జపాను వెళ్లారు. ఏసీ గాలికి కొయ్య ఎండకూడదని, అడుగున కొద్దిగా నీళ్లుంచి మూత వేయమని చెప్పి వెళ్లారు. ఆమె చెప్పినట్టే చేసింది. అయినా నీటికి పైన ఉన్న పలకల మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. నాకు ఫోను చేసి ఏడ్చింది. "తొట్టి పగిలిపోద్దండి అన్నయ్యగారూ. కొత్తది అక్కడి నుంచి రావాలి. నన్ను ఇంటికి పంపేస్తారు. పిల్ల చదువు ఆగిపోద్ది." నేను వచ్చేలోగా తానే వైద్యం మొదలుపెట్టింది. ఎండి పగిలే దేనికైనా మనవాళ్లకు తెలిసిన మందు ఒకటే కదా. తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా అంతా ఆ తొట్టికి పట్టించింది. కన్నబిడ్డకు ఒళ్లు రుద్దినట్టు, ప్రార్థన చేసుకుంటూ రుద్దింది. నేను వెళ్లి చూస్తే అడుగు నీళ్ల మీద నూనె కళ్లు తేలుతున్నాయి. హినోకి వాసన పోయి, గదంతా జడ విప్పుకున్న వాసన వేస్తోంది.

మేడమ్ తిరిగి వచ్చిన రోజు దయమ్మ అన్నం ముట్టలేదు. వాళ్లిద్దరి మధ్య నడిచేది కొంత హిందీ, కొంత ఇంగ్లీషు, మిగతా చేతి సైగలు. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని తొట్టి వాసన చూశారు. దయమ్మ తల వాసనా చూశారు. సంగతి అర్థమై, "దయా, వుడ్ పానీ పీతా. నో తేల్" అన్నారు. కొయ్య తాగేది నీళ్లనీ నూనె కాదనీ చెప్పి, గిన్నెతో నీళ్లు తెచ్చి ఆ సందుల మీద పోసి చూపించారు. కొన్నాళ్లు తడిగుడ్డలు కప్పితే పలకలు ఉబ్బి సందులు మూసుకున్నాయి. నూనె వాసన మాత్రం చలికాలం దాకా వదల్లేదు. సార్ స్నానం చేసి వచ్చి, "ఈరోజూ కేరళ వెళ్లొచ్చాను" అని నవ్వేవారు. అప్పటినుంచి దయమ్మ కొయ్య గురించి మాట్లాడితే మనిషి గురించి మాట్లాడినట్టే ఉండేది. "దాన్ని ఎండనివ్వకూడదండి. ఎండితే బిగువు పోద్ది. బిగువు పోతే నీళ్లు నిలవ్వు."

కిందటి ఏడాది ఆమె మోకాళ్లు వాచాయి. ఇంట్లో అందరి స్నానాలయ్యాక నువ్వూ కూర్చో అని మేడమ్ పోరు పెట్టారు. చాలాకాలం తప్పించుకుంది. ఒక శుక్రవారం కారులో కూర్చుంటూనే రహస్యం చెబుతున్నట్టు అంది.

"నిన్న మోకాలి దాకా దిగానండి."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఒక వార్త. నడుం దాకా. గుండెల దాకా. గట్టు రెండు చేతులా పట్టుకుని, ప్రార్థన ఆపకుండా. ఈ చలికాలం మొదట్లో, "మెడ దాకా కూర్చున్నానండి. చేతులు కూడా వదిలేశాను" అంది.

"మరి తల?"

"తలొక్కటే మిగిలిందండి. అదే కదా అసలుది." అప్పుడు అడిగింది. "సముద్రం నా వల్ల కాదండి. ఆ తొట్టిలో అయితే మునుగుతాను. పాస్టరు గారు ఒప్పుకుంటారంటారా?"

షార్జా నుంచి వచ్చే మన పాస్టరు గారు వెంటనే ఒప్పుకోలేదు. అన్యుల ఇల్లు, స్నానాల తొట్టి, సంఘంలో ఎవరేమంటారో అని ఆలోచించారు. ప్రార్థన చేసి, చివరికి సరే అన్నారు. మేడమ్‌ను అడిగితే ఒకే షరతు పెట్టారు. ముందు బయట శుభ్రంగా స్నానం, తలకు నూనె ఉండకూడదు. దయమ్మ నవ్వి నాతో అంది, "ప్రభువు రమ్మన్నాడు సరేనండి, ఈ నూనె మానడమే కష్టం." ఆ వచ్చే శుక్రవారానికి నిర్ణయమైంది. సోమవారం ఆమె పడిపోయింది.

ఇదీ జరిగినది. సంఘ పెద్ద అడిగితే నేను ఏమని చెప్పను? అయిందనలేను. కాలేదంటే ఏటిగట్టు. వాక్యం చదువుకున్నవాణ్ణి కనుకనే నా భయం ఎక్కువైంది. ఆజ్ఞ ఉంది, దాన్ని ఎవరి కోసమూ తేలిక చేయలేను. కృప ఉంది, దానికి హద్దు గీయలేను. రెండు రోజులు తిండి సయించలేదు. చివరికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్దయ్యగారు వయసు మళ్లినవారు, మాట కరుకు.

"అంటే మునగలేదన్నమాట."

"లేదండి. శుక్రవారానికి సిద్ధపడిందండి."

"సిద్ధపడిందని అందరూ చెప్తారు బ్రదర్. ఎలా తెలుసు?"

అప్పుడు నాకు ఆసుపత్రిలో చూసిన ముఖం జ్ఞాపకం వచ్చింది. చూసినప్పుడు ఏదో తేడాగా ఉందనిపించింది గాని, ఏమిటో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. "ఆమె తలకి నూనె లేదండి. జుట్టు పొడిగా, దూదిలా లేచి ఉంది. ఆ తొట్టిలోకి నూనె తలతో దిగకూడదండి. నాలుగు రోజుల ముందే మానేసింది."



"దయామణి నూనె మానేసిందా?" అన్నారాయన నెమ్మదిగా. "చిన్నప్పుడు దాన్ని ఏట్లోంచి లాగింది మా నాన్న. నూనె జుట్టు చేతికి పట్టు దొరక్క జారిపోయిందని చెప్పేవాడు. రెండోసారి గాని దొరకలేదంట. అయినా అది ఏనాడూ నూనె మానలేదు. తోటలోనే పెడదాం. మా నాన్న పక్కన చోటుంది. ఎవరైనా అడిగితే నాతో మాట్లాడమనండి" అన్నారు.

ఆయన తీర్పు సరైనదో కాదో నిర్ణయించే అధికారం నాకు లేదు. మన సంఘంలో ఇంకా ప్రశ్నించేవారున్నారని తెలుసు. వారి ప్రశ్నను నేను తప్పు పట్టను. నా మనసూ పూర్తిగా నెమ్మదించలేదు. రోజూ ఆమె పేరెత్తి ప్రార్థిస్తున్నాను. పెట్టానో లేదో అని ఆమెలాగే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాను.

నిర్ణయించిన శుక్రవారం పాస్టరు గారు వచ్చారు. మేడమ్ ఎవరూ చెప్పకుండానే తొట్టి నింపి ఉంచారు. ఆవిరి లేస్తోంది. పక్కన పీట మీద మడత పెట్టిన తెల్ల తువ్వాలు. "దయా పుట్ దేర్. సండే" అన్నారు మేడమ్. ఎందరికో తువ్వాలు చుట్టిన మనిషి, తనకు చుట్టేవారు ఉంటారో లేరోనని తానే తెచ్చి పెట్టుకుంది. తొట్టి చుట్టూ నిలబడి ప్రార్థన చేశాం. పాట మొదలుపెట్టాక, ముందుగా అందుకునే గొంతు లేక అందరం తడబడ్డాం.

ఊరికి పంపేందుకు ఆమెను పేటికలో పెట్టే ముందు ఆ తువ్వాలు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. తడవని ఆ తలకు చుట్టాం. పేటిక కొయ్యకు ఏ వాసనా లేదు.

సోదరి దయామణి వంటివారు సహవాసానికి మళ్లీ దొరకరు. భయం పోయాక ప్రభువును వెంబడించేవారు చాలామంది ఉంటారు. ఆమె భయాన్ని వెంటబెట్టుకునే వెంబడించింది. వచ్చేసారి ఉమ్ అల్ క్వైన్ ఒడ్డున మునిగి లేచినవారు చలికి వణుకుతూ ఎవరి కోసం చూస్తారో తలుచుకుంటే నాకు దిగులుగా ఉంది. ఆమె ఆత్మకు ప్రభువు నెమ్మది దయచేయును గాక.

ఆ ఇంట్లో ఇప్పుడు తొట్టి చూసుకునే పని నేనే అడిగి తీసుకున్నాను. మేడమ్ ఇంకా అందులో దిగడం లేదు. రోజూ వెళ్లి పలకల మీద చెయ్యి వేసి చూస్తాను. ఎండినట్టనిపిస్తే నీళ్లు పోస్తాను.