గోళ్లమ్మ

ఆవిడ పేరు నేను అడగనే లేదు. మాధవరం ఆసుపత్రిలో నాన్న ఉన్న వార్డులో అందరూ గోళ్లమ్మ అనేవాళ్లు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, తోడెవరూ లేని రోగులకు గోళ్లు తీసేది. ముందు వాళ్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచేది. ఆ తర్వాతే కట్టర్ తీసేది.

"ప్రార్థన చేయరా?" అని అడిగాను ఒకసారి.

"చేస్తానే ఉండాను కదమ్మా," అంది, గోళ్లు తీస్తూనే.

ఒక ఆదివారం నాన్న పక్క మంచం మీదున్నతను ఆవిడను చూడగానే చేతులు దుప్పటిలో దాచుకున్నాడు.

"నా వ్యాను కిందే కదమ్మా మీ కొడుకు చనిపోయింది," అన్నాడు.

"తెలుసు నాయనా. పోయిన వారం ఈడిదాకా వచ్చి, నిన్ను చూసి ఎనక్కి పోయినా. ఈ పొద్దుదాకా పట్టింది నాకు."

దుప్పటి తొలగించి అతని చెయ్యి అందుకుంది. తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. వెచ్చబడేదాకా అలాగే పట్టుకుని కూర్చుని, ఆ తర్వాత కట్టర్ తీసింది.

నా స్కూటీకి గీత పెట్టాడని ఎదురింటాయనతో ఇప్పటికీ మాట్లాడని దాన్ని నేను. ఆవిడ చేతులనే చూస్తున్నాను.

అయిదు వేళ్లూ అయ్యాయి. అతను వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఊఁ," అంది గోళ్లమ్మ, "ఆ చెయ్యి కూడా ఇయ్యి."