పెడన నుంచి గవర్నర్‌పేటకి ఒక గిటారుతో

మా తమ్ముడు నాగేశ్వరరావు ఇంటి దగ్గర చేసిన ఎలక్ట్రిక్ గిటారును విజయవాడలో అప్పగించడానికి శుక్రవారం పొద్దున ఆరున్నరకి పెడనలో బస్సెక్కాం. నేను, వాడు, గిటారు. మీలో ఎవరైనా ఇలాంటి వస్తువు పట్టుకుని ఆ దారిన వెళ్ళాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. మొదటి సలహా, దాన్ని దుప్పటిలో చుట్టకండి. మేం పాత దుప్పటిలో చుట్టి నవ్వారుతో కట్టాం. చూసిన ప్రతివాళ్ళూ ముందు మా ముఖాలు చూశారు, తర్వాత దుప్పటి చూశారు, ఆ తర్వాత కాస్త పక్కకి జరిగారు. సీటు మాత్రం సుఖంగా దొరికింది.

కండక్టరు నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొట్టాడు. తమ్ముడికి మామూలు టికెట్టు. దుప్పటి దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇదేంటండీ?"

"గిటారండీ."

"మరి లగేజీ కొట్టాలా?"

వెనక సీట్లో ఖాళీ చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ అందుకుంది. "ఆడదైతే ఊరికే కదయ్యా. చూసి కొట్టు."

"వీణ అయితే ఆడదే పిన్నిగారూ. ఇది ప్యాంట్లేసుకున్నవాళ్ళు వాయించేది, మగదే" అన్నాడు కిటికీ పక్కాయన.

"ఈ రోజుల్లో ప్యాంటు చూసి చెప్పగలమా బాబూ?"

కండక్టరు ఏ టికెట్టూ కొట్టకుండా ముందుకెళ్ళిపోయాడు. గవర్నమెంటు ఇంకా తేల్చని విషయాల్లో తల దూర్చకూడదని అనుకున్నాడు కాబోలు.

గుడివాడ ఏడున్నరకి చేరాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మెత్తగా, చట్నీ నీళ్ళగా ఉంది. తర్వాతి బస్సు వచ్చేలోపు మా సంగతి చెబుతాను.

మా తమ్ముడు మగ్గాలు చేసే వడ్రంగి. మగ్గాలు చేయించుకునేవాళ్ళు తగ్గి, ఉన్న మగ్గాన్ని పొయ్యిలోకి అమ్మేవాళ్ళు ఎక్కువయ్యాక వాడికి పని లేకుండా పోయింది. నాలుగేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక పెళ్ళికి విజయవాడ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. పందిట్లో ఎవరో తోసుకుని గిటారు మెడ విరిగింది. తమ్ముడు దాన్ని ఇంటికి తెచ్చి, అతికించి, తలంబ్రాల వేళకి తిరిగి ఇచ్చాడు. ఇచ్చాడు గానీ మనసు అందులోనే ఉండిపోయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో, విప్పేసిన మగ్గాల టేకు చెక్కతో తనే గిటార్లు మొదలుపెట్టాడు. మొదటిదాని మెడ నెల తిరక్కుండా విల్లులా వంగింది. రెండోదాని మీద మెట్లు తేడాగా కూర్చున్నాయి, ఏ పాట వాయించినా జలుబు చేసినట్టు వినిపించేది. ఇది మూడోది, ఆ ఆర్కెస్ట్రా ఓనరు అడ్వాన్సిచ్చి చేయమన్నది. పది నెలలు పట్టింది.

వాడి భార్య కుమారి నెమ్మదస్తురాలు. కానీ నెమ్మదికీ ఒక లెక్కుంటుంది. "మూడో గిటారు దాకా ఊరుకున్నాను. దేవుడికైనా మూడు ప్రదక్షిణలే చేస్తాం" అంది. వాళ్ళ నాన్న హనుమాన్ జంక్షన్‌లో ఒక ఫర్నిచర్ షోరూమ్‌లో తమ్ముడికి ఉద్యోగం చూశాడు. ఒప్పందం ఇదీ: ఈ గిటారు తీసుకుని ఆర్కెస్ట్రా ఓనరు ఇంకా పని ఇస్తే షెడ్డు ఉంటుంది. ఇవ్వకపోతే సోమవారం నుంచి తమ్ముడు షోరూమ్‌కి వెళ్తాడు, షెడ్డులో గేదె ఉంటుంది. గేదెను కూడా చూసేశారు.

ఇందులో నా పని తీగ చుట్టడం. గిటారు తంతుల కింద పికప్‌లని రెండు చిన్న పెట్టెలుంటాయి. ఒక్కోదానిలో అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టాలి. తంతి కదిలితే ఆ చుట్టలో కరెంటు పుట్టి, అదే మోతగా బయటికొస్తుంది. తమ్ముడి వేళ్ళు చెక్కకి అలవాటుపడ్డవి, తీగ ముట్టుకుంటే తెగిపోయేది. నేను పన్నెండేళ్ళ వయసు నుంచి రాట్నం మీద నూలు కండెలు చుట్టినదాన్ని. "ఇటివ్వరా. నా చేతిలో పోగు తెగడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా?" అని తీసుకున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గుడివాడ నుంచి హనుమాన్ జంక్షన్ బస్సు ఎనిమిదింబావుకి. ఆ బస్సుకి స్ప్రింగులు ఒకప్పుడు ఉండేవట. గోతి వచ్చినప్పుడల్లా తమ్ముడు గిటారును ఒళ్ళోకి ఎత్తుకున్నాడు. తన పిల్లల్ని ఇంత జాగ్రత్తగా ఎత్తుకోగా నేను చూడలేదు.

తొమ్మిదిన్నరకి దిగి షోరూమ్‌కి వెళ్ళాం. ఒకసారి కనపడి పొమ్మని మామగారి ఆజ్ఞ. నేను చదువుకున్నది ఏభై దాటాక, సాయంత్రం బడిలో. అప్పటి నుంచి కనపడ్డ బోర్డునల్లా చదువుతాను, డబ్బు అడగరు కాబట్టి. షోరూమ్ బోర్డు మీద 'చేత్తో చేసిన ఫర్నిచర్' అని ఉంది. లోపల మంచాలూ బీరువాలూ అట్టపెట్టెల్లో ముక్కలుగా ఉన్నాయి. తమ్ముడి ఉద్యోగం ఆ ముక్కల్ని మరలతో బిగించడం.

"ఎవరి చేత్తో చేసిందండీ ఇది?" అని అడిగాను.

"ఎవరో ఒకరి చేత్తోనే కదమ్మా, కాళ్ళతో చెయ్యరుగా" అన్నాడు ఓనరు. మనిషి మంచివాడే. టీ ఇప్పించాడు. తమ్ముడి చేతిలో మర బిగించే ఇనప ముక్క ఒకటి పెట్టి, "ఇదొక్కటొస్తే చాలు, పనంతా వచ్చినట్టే. సోమవారం తొమ్మిదికి వచ్చెయ్యండి" అన్నాడు. తమ్ముడు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

పన్నెండింటికి విజయవాడ బస్టాండు. పక్కనే ప్లేటు భోజనం చేశాం. పప్పు బాగుంది, పెరుగు అడిగితేనే వేస్తారు, కాబట్టి అడగండి. అక్కణ్ణుంచి గవర్నర్‌పేటకి ఆటో. దారి పొడుగునా బోర్డులు చదివాను. ఒరిజినల్ బ్యాటరీలు, ఒరిజినల్ నెయ్యి, ఒరిజినల్ సిల్కు. ఈ ఊళ్ళో డూప్లికేటు ఎక్కడమ్ముతారో కనుక్కోవడం కష్టం.

ఆర్కెస్ట్రా ఓనరు సత్యంగారి ఆఫీసు ఒక హోల్‌సేల్ గాజుల కొట్టు మీద, రెండో అంతస్తు. ఆయనా, గిటారు వాయించే డేవిడ్ అనే కుర్రాడూ ఉన్నారు. తమ్ముడు దుప్పటి విప్పాడు. టేకు రంగు నిగనిగలాడింది. సత్యంగారు వేలితో తట్టి చూశారు, తిప్పి చూశారు, చివరికి తల వైపు చూశారు.

"అన్నీ బాగున్నాయి నాగేశ్వరరావుగారూ. పేరేదండీ?"

"నా పేరెందుకండీ?"

"మీది కాదండీ బాబూ!" అంటూ ఆయన సొరుగు లాగి స్టిక్కర్ల షీటు తీశారు. విదేశీ కంపెనీల పేర్లు, పదికి పదీ వంకర అక్షరాలు, బంగారు రంగు. "పెళ్ళివారు దగ్గరికొచ్చి చూస్తారు. పేరు లేకపోతే రేటు తగ్గిస్తారు. మీకేది నచ్చితే అది అంటిద్దాం."

మిల్లు చీర మీద చేనేత ముద్ర వేసి అమ్మేవాళ్ళని నేను జీవితమంతా చూశాను. చేత్తో చేసినదాని మీద ఫ్యాక్టరీ ముద్ర వేయడం మాత్రం గవర్నర్‌పేటలోనే చూశాను. మోసాన్ని కూడా ఇంత దూరం వచ్చి చూస్తే కొత్తగా ఉంటుంది.

డేవిడ్ వైరు తగిలించి వాయించాడు. మోత గది నిండా తిరిగింది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు డేవిడ్ కింద ఉన్న చిన్న మీట నొక్కి రెండో పికప్‌కి మార్చాడు. తంతులు కదిలాయి. మోత లేదు.

"ఇదేంటి మూగది?" అన్నారు సత్యంగారు.

"ఇంటి దగ్గర పలికిందండీ. నిన్న రాత్రి కూడా పలికింది." తమ్ముడు మీట అటూ ఇటూ పదిసార్లు మార్చాడు. వెనక మూత విప్పి తను సోల్డర్ పెట్టిన అతుకులన్నీ లాగి చూశాడు. చెమటలు కారుతున్నాయి. "నాదేనండీ తప్పు, ఎక్కడో..." అన్నాడు.

ఆ రెండో పికప్ చుట్టేటప్పుడు చివర్లో తీగ తెగింది. అంత గొప్ప చెప్పుకున్నాక ఏ ముఖంతో చెప్పను? మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తామో అదే చేశాను. రెండు కొసలూ కలిపి, తడిచేత్తో పురిపెట్టి, చుట్టుకుంటూ పోయాను. అతుకు ఎక్కడుందో నా కంటికే కనపడలేదు. అంత బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

"ఒరేయ్, నీది కాదురా. నాది" అన్నాను. మొత్తం చెప్పాను.

తమ్ముడు నన్ను చూసిన చూపు రాయడానికి నాకు చదువు చాలదు. "చెబితే నేనేమైనా అనేవాణ్ణా అక్కా?"

"అనేవాడివే."

"అనేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు.

సత్యంగారు గడియారం చూసుకున్నారు. "అయిదింటికి మేం భీమవరం పెళ్ళికి బయల్దేరాలి. ఆలోపు పలికితే తీసుకుంటాను. లేకపోతే మీ అడ్వాన్సు మీరే ఉంచుకోండి, గిటారూ మీరే ఉంచుకోండి."

కింద గాజుల కొట్టతను చెప్పాడు, వన్ టౌన్‌లో మోటార్లు వైండింగ్ చేసే మస్తాన్‌గారి దగ్గరికి వెళ్ళమని. రెండుంబావుకి ఆటో ఎక్కాం. వన్ టౌన్‌లోకి ఆటో ఎక్కేవాళ్ళకి ఒక మాట: తోపుడు బళ్ళు ముందు పోతాయి, తర్వాత గోవులు, తర్వాత మీరు.

మస్తాన్‌గారు కళ్ళద్దాల మీద నుంచి పికప్‌ను చూశారు. నేను పైన చుట్టను విప్పుకుంటూ పోయాను. రెండొందల చుట్లు పోయాక వేలికి అతుకు తగిలింది. ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"నేతపనివారా అమ్మా మీరు?"

"ఎలా తెలిసిందండీ?"

"ఇంత అందమైన ముడి నా సర్వీసులో చూడలేదు. కానీ కరెంటుకి కళ్ళు లేవు కదమ్మా, చూసి మెచ్చుకోడానికి. ఈ తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది. అది పోగొట్టకుండా మెలిపెడితే రెండు కొసలూ పక్కపక్కన పడుకుంటాయి గానీ కలవవు. దారి కుదుపులకి, ఆనుకుని ఉన్న ఆ కాస్తా విడిపోయింది."

కొసల్ని అగ్గిపుల్లతో కాల్చి, గరుకు కాగితంతో తుడిచి, రాగి మెరుపు వచ్చాక సోల్డర్ పెట్టడం చూపించారు. రెండోసారి నాతో చేయించారు. మూడుసార్లు తీగ తెగింది. తెగినప్పుడల్లా తమ్ముడు కొత్త అగ్గిపుల్ల తీసి అందించాడు. అదే ఎక్కువ బాధ. నాలుగోసారి నిలిచింది. రెండొందల చుట్లూ తిరిగి చుట్టాను. ఇరవై రూపాయలిచ్చాం.

నాలుగూ పదికి గవర్నర్‌పేట మెట్లెక్కాం. తమ్ముడు బిగించాడు, డేవిడ్ మీట నొక్కాడు. పలికింది. కింద గాజుల కొట్లో ఎవరో అరిచేదాకా వాయించాడు. "దీని గొంతు బాగుందండీ, ఇవాళ దీంతోనే వాయిస్తా" అన్నాడు. సత్యంగారు మిగతా డబ్బు ఇచ్చి, స్టిక్కరు తామే అంటించారు. కాస్త వంకరగా పడింది. అసలైనవాటికీ అలాగే ఉంటుందట.

"మరి ఇంకో రెండు చెయ్యమంటారా?" తమ్ముడు అడిగాడు.

"కొత్తవి ఇప్పుడొద్దండీ" అన్నారాయన. తమ్ముడు దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన లోపలి గది తలుపు తీశారు. గోడకి ఆనించి నాలుగు గిటార్లున్నాయి, నాలుగూ నిజంగానే విదేశీవి, దుమ్ము కొట్టుకుని. "వీటన్నిటికీ ఇదే జబ్బు. లోపల తీగ పోయింది. హైదరాబాదు పంపితే ఆర్నెల్లు. అక్కయ్యగారు చుడతారా?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు పైకప్పు వైపు చూశాడు.

"చుడతానండీ" అన్నాను.

ఆరున్నరకి పెడన మీదుగా బందరు వెళ్ళే రైలు దొరికింది. ఒక్క గిటారుతో వెళ్ళి నాలుగింటితో తిరిగొస్తున్నాం. జనంలో నాలుగు గిటార్లు ఎక్కించడం ఎలాగో చెప్పలేను, ఎక్కాక మాత్రం అవి ఉన్నాయని అందరికీ తెలుస్తుంది. ఎదురు సీటాయన ఒకదాని తల మీద పేరు చదివి, "ఫారిన్‌దండీ!" అని పక్కవాళ్ళకి చూపించి, కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. పొద్దున మా దుప్పటికి భయపడ్డవాళ్ళు జరిగారు, సాయంత్రం పేరుకి దణ్ణం పెట్టేవాళ్ళు జరిగారు. ఏ రకంగా చూసినా గిటారుతో ప్రయాణం చోటుకి ఇబ్బంది లేనిది. చెవి పెట్టి వినేవాడు మాత్రం రోజంతటికీ ఒక్కడే తగిలాడు, ఆ డేవిడ్.

గుడివాడ దాటాక తమ్ముడు కుమారికి ఫోన్ చేశాడు. చెవి దగ్గర పెట్టుకున్నా రైలంతా వినిపించే ఫోను అది.

"సోమవారం వెళ్ళక్కర్లేదే. పని దొరికింది."

"ఎవరికి?"

"మీ వదినకి."

"వదినకి దొరికితే, మీరు సోమవారం వెళ్ళడానికేం?"

నేను ఫోను లాక్కున్నాను. "కుమారీ, తీగ నేను చుడతానమ్మా. గిటారు విప్పేదెవరు, బిగించేదెవరు, శ్రుతి చూసేదెవరు? పొద్దున వీడు జంక్షన్‌కి పోతే నేనేం చెయ్యను?"

"ఎన్ని గిటార్లు వదినా?"

"నాలుగు."

"సరే. ఆ నాలుగూ అయ్యేదాకా ఉండమనండి. అయిన మర్నాడు షోరూమ్. గేదెవాళ్ళకి నేను చెబుతాను."

ఫోను తిరిగిచ్చాను. తమ్ముడు నాలుగు గిటార్లనీ ఒకసారి వరసగా చూశాడు.

"అక్కా, ఒక పికప్ చుట్టడానికి నీకెన్నాళ్ళు పడుతుంది?"

"నిన్నటిదాకా రెండు రోజులు పట్టేదిరా. ఇప్పుడు అతుకులు కాల్చి, తుడిచి, సోల్డర్ పెట్టాలి కదా" అన్నాను. "నెల పడుతుంది."