బ్యాటరీకి బొట్టు

ఆయుధపూజ అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దేవుడి మీద కోపం కాదు, లెంపలేసుకుంటాను. ఆ రోజున కనిపించిన ప్రతి మిషన్నీ ఆపేసి, కడిగేసి, పసుపు పూసేసి, "పాపం, ఇవాళైనా రెస్టు తీసుకోనీ" అని జాలిపడే మనవాళ్ళ మీద.

మా రిపీటరు గుంటూరు బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ డాబా మీద ఉంది. సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో పిచ్చి ఉన్న మేం కొద్దిమందిమి కలిసి పెట్టుకున్నాం. చిన్న సెట్టులో మాట్లాడిన మాట ఎంతో దూరం పోదు. రిపీటరు దాన్ని ఎత్తు నుంచి అందుకుని అప్పటికప్పుడు గట్టిగా మళ్ళీ పంపుతుంది. అది పనిచేస్తుంటే, బాపట్ల అవతల సముద్రం ఒడ్డు పల్లెలో టీచరుగా ఉన్న మా తమ్ముడు నా వంటింట్లో కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. కరెంటు పోయినా అది ఆగకూడదు. అందుకే పక్కనే ఇన్వర్టరుకి పెట్టేలాంటి పెద్ద బ్యాటరీ, దానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన ఛార్జరు. స్విచ్ పక్కన గోడ మీద "ఆపరాదు" అని ఎర్ర పెయింటుతో నేనే రాశాను. కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని కదా, రాస్తే చదువుతారనుకున్నాను.

ఆ ఏడు దసరా వెళ్ళిన కొద్ది రోజులకే తుఫాను వచ్చింది. తమ్ముడు ఇల్లిల్లూ తిరిగి, "ఫోన్లు పోయినా మా అక్క పలుకుతుంది, భయం లేదు, రండి" అని చెప్పి ఊళ్ళోవాళ్ళని తుఫాను షెల్టరుకి తీసుకెళ్ళాడట. తెల్లారేసరికి ఇక్కడా అక్కడా కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా సెట్లు మాత్రం పలుకుతున్నాయి. బాపట్ల కంట్రోల్ రూములో మా హామ్ మిత్రుడొకాయన కూర్చున్నాడు. ముగ్గురం పొద్దుటి నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. నాకు లోలోపల ఎంత గర్వమో.

టిఫినుకి లేవబోతుండగా తమ్ముడి గొంతు కంగారుగా వచ్చింది. "అక్కా, ఇక్కడ ఒక ముసలమ్మని పాము కరిచింది. అంబులెన్సు..."

అంతే. సెట్టులో చడీచప్పుడూ లేదు. పిలిచాను. అరిచాను. రిపీటరు చచ్చిపోయింది.

ఆ వానలో కారు ఎలా నడిపానో నాకే తెలియదు. కోల్డ్ స్టోరేజీలో జనరేటరు రొద పెడుతోంది. అది మిర్చిని చల్లగా ఉంచే మిషన్లకే. డాబా మీద గదికి ఆ లైను లేదు. వాచ్‌మన్ బాబాయిని వెంటబెట్టుకుని ఇనప నిచ్చెన ఎక్కాను. తలుపు తీసి చూద్దును గదా, బ్యాటరీ పెళ్ళికూతురిలా ఉంది! ఒళ్ళంతా పసుపు, నడినెత్తిన కుంకుమ బొట్టు, ఎండిపోయిన బంతిపూల దండ. తీగలు బిగించే చోట్ల కూడా పసుపు ముద్ద గట్టిపడి ఉంది. గోడ మీద నేను రాసిన "ఆపరాదు"కి కూడా ఒక బొట్టు. దాని పక్కన ఛార్జరు స్విచ్ ఆపేసి ఉంది.

"ఎవరు ఆపారిది?"

"పూజ రోజు అన్నీ ఆపాంగా మేడంగారూ. కింద మిషన్లు వెంటనే వేసేశారు. దీన్ని..." బాబాయి నాలిక కరుచుకున్నాడు. "దీన్ని మర్చిపోయినట్టున్నాం."

దసరా నుంచీ ఒక్క చుక్క ఛార్జింగు లేకుండా, ఉన్నదాంతోనే నెట్టుకొచ్చింది ఆ బ్యాటరీ. రోజూ మామూలుగానే పలుకుతుంటే మాకెవరికీ అనుమానం రాలేదు. పొద్దుటి నుంచీ మేం వాగిన వాగుడికి మిగిలింది కాస్తా అయిపోయింది.

"చదువొచ్చు కదా బాబాయ్! అంత పెద్ద అక్షరాలు కనపళ్ళేదా?"

"కనపడ్డాయమ్మా. రోజూ ఆపకూడదనుకున్నాం. పండగ పూట కూడానా?"

ఏడుపొచ్చింది, నిజంగానే. అక్కడ ఆ ముసలమ్మ ఒంట్లో విషం ఎక్కుతోంది, ఇక్కడ మేం పండగ గురించి వాదించుకుంటున్నాం. కిందికి దిగి నా కారు బ్యాటరీ ఊడదీశాను. బాబాయి మారుమాట లేకుండా దాన్ని గోనెసంచిలో వేసి భుజాన పెట్టుకుని, జారిపోతున్న నిచ్చెన ఎక్కాడు. నేను చాకుతో తీగల కొసల మీది పసుపు గీకుతూ, నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. ఆయన టార్చి లైటు పట్టుకుని అన్నీ పడ్డాడు.

తీగలు బిగించగానే పచ్చ లైటు వెలిగింది. వెంట తెచ్చుకున్న చిన్న సెట్టు నొక్కి పిలిచాను.

"ఎక్కడ చచ్చావే అక్కా!" అన్నాడు తమ్ముడు. వాడు నన్ను అలా అనడం అదే మొదలు. "నువ్వు పలుకుతావని చెప్పానే వీళ్ళకి!"

నేను మాట్లాడేలోపే బాపట్ల ఆయన అందుకున్నాడు. ఏ దారి మునిగిందో, ఏ దారిన రావచ్చో అడిగి తెలుసుకుని, అంబులెన్సుని పంపించాడు. నేను తడిసిన చీరతో ఆ గదిలోనే కూలబడ్డాను. ముసలమ్మని ఆసుపత్రిలో చేర్చారని తమ్ముడు చెప్పేదాకా లేవలేదు.

బాబాయి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "చూశారా మేడంగారూ, పూజ చేశాం కాబట్టే గండం గడిచింది," అన్నాడు. ఆయన్ని నిచ్చెన మీద నుంచి తోసెయ్యాలనిపించింది.

మరుసటి దసరాకి నేను పొద్దున్నే వెళ్ళి ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈసారి బ్యాటరీ చుట్టూ చెక్కపెట్టె చేయించి తాళం కూడా వేశాను. బాబాయి పసుపు గిన్నెతో వచ్చి, నా మొహం చూసి, నిచ్చెన దగ్గరే ఆగిపోయాడు. అంతలో పండక్కని ఊరి నుంచి వచ్చిన తమ్ముడు పైకెక్కి వచ్చి చిన్న పొట్లం చేతిలో పెట్టాడు.

"ఆ ముసలమ్మ ఇచ్చిందక్కా. పసుపూ కుంకుమా. నన్ను బతికించిన పెట్టెకి మీ అక్క చేత పెట్టించమంది."

తిట్టడానికి ఎవరూ దొరకలేదు. బాబాయిని పిలిచి, ఆయన గిన్నెలోనే ముసలమ్మ పసుపు కూడా కలిపి, చెక్కపెట్టె మూతకి నా చేత్తో పూసి బొట్టు పెట్టాను. ఆ తర్వాత ఛార్జరు లైటు వెలుగుతోందా లేదా అని చూశాను. బాబాయికి కూడా చూపించి గానీ కిందికి దిగలేదు.